ధ్వని పాఠానికి ఒక నమూనా

శిక్షణ తరగతులకు పోయిన టీచర్లను ఒక్కసారి దూరం నుంచి చూడాలి. ఏడాదంతా పిల్లల మీద అరిచినవాళ్ళం, ఆ ఐదు రోజులు మెడలో పేరు రాసిన అట్టముక్క వేసుకుని, చేతిలో స్కెచ్ పెన్ను పట్టుకుని, చెప్పిన చోట కూర్చుంటాం. పుణె నుంచి వచ్చినాయన చప్పట్లు కొట్టమంటే కొడతాం. కాగితపు ఉండ ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళు లేచి తమకిష్టమైన సూత్రం ఒకటి చెప్పాలంటే, యాభై దాటిన ఐటీఐ మాస్టార్లు కూడా లేచి చెప్తారు. టీ వచ్చినప్పుడు మాత్రం అందరి ముఖాల్లో నిజమైన ఉత్సాహం కనిపిస్తుంది. నేనిప్పుడు అలాంటి తరగతులు నడిపేవాళ్ళలో ఒకదాన్ని. కాగితపు ఉండ విసిరేది నేనే. ఆ స్థానానికి ఎలా వచ్చానో ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నాను.

పుట్టి పెరిగింది భివండిలో, పద్మనగర్‌లో. మా తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి మరమగ్గాల్లో పడ్డ కుటుంబం మాది. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. ఒక కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచెలు ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి చెవిలో నోరుపెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు వాడకుండా, పెదవులు మాత్రం బాగా సాగదీసి మాట్లాడుకుంటారు. నాలుగు సాంచెల అవతల నిలబడ్డ మనిషితో మా అమ్మ ఆ రోజు కూర సంగతి, పక్కింటి కోడలి సంగతి, జ్వరం సంగతి అన్నీ మాట్లాడేది. ఒక్క చప్పుడు బయటికి వచ్చేది కాదు. ఆ అలవాటు ఇంటికి కూడా వెంట వచ్చేది. మా అమ్మానాన్నలు కొట్లాడుకుంటే ఒక్కోసారి గొంతు కలపడం మరిచిపోయేవాళ్ళు. తిట్లన్నీ పెదవుల మీదే నడిచేవి. పలక మీద అక్షరాలు చదవడానికి ముందే నాకు పెదవులు చదవడం వచ్చింది.

పద్మనగర్‌లో చెవుడు అనే మాట పెద్దగా వాడరు. "జర గట్టిగ చెప్పు" అంటారు, అంతే. ముప్పై ఏళ్ళు సాంచెల మధ్య తిరిగిన మనిషికి ఎంత వినపడుతుందో ఎవరూ కొలవరు, ఆయన కూడా కొలుచుకోడు.

నేను పాఠాలు చెప్పే వృత్తివిద్య ఇనిస్టిట్యూట్‌లో మగ్గాల మరమ్మతు నేర్పే ఆయన అలాంటి మనిషి. నేను కాకా, అంటే బాబాయి, అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న పనిచేసిన కార్ఖానాలో ఆయన జాబర్, అంటే సాంచె చెడిపోతే బాగుచేసేవాడు. నేను బడి నుంచి వచ్చి అదే కార్ఖానాలో మూలన కూర్చుని కండెలు చుట్టేదాన్ని. మగ్గంలో అటూ ఇటూ దారం మోసుకుపోయే నాడెలో పెట్టడానికి దారం చుట్టే చిన్న చిన్న కండెలు, ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ చేసే పని. తర్వాత కాక చేతిపని చూసి ఇనిస్టిట్యూట్ వాళ్ళు ఏడాదికోసారి రాసుకునే ఒప్పందం మీద ఆయనను తీసుకున్నారు. నేను ఎమ్మెస్సీ పూర్తిచేసి ఉద్యోగానికి తిరుగుతుంటే నన్ను ప్రిన్సిపాల్ గదికి వెంటబెట్టుకుని పోయింది ఆయనే. "మా పద్మనగర్ పిల్ల సార్, ఫిజిక్స్ సదివింది" అని చెప్పి, నేను నోరు తెరవకముందే నా మార్కుల కాగితాలు బల్ల మీద పరిచాడు. ఇది ముందే చెప్తే తర్వాత చెప్పబోయేది ఇంకా నీచంగా కనబడుతుంది. కనబడనీ.

కాకకు దాదాపు ఏమీ వినపడదని ఆ సంస్థలో నాకొక్కదానికే తెలుసు. మిగతావాళ్ళకు ఆయన కొంచెం మొండిమనిషి, కొంచెం పరధ్యానం మనిషి. స్టాఫ్ రూములో ఎప్పుడూ తలుపుకు ఎదురుగా కూర్చునేవాడు, వచ్చేవాళ్ళ ముఖం కనబడాలని. మీసాలు పెదవుల మీద పడే మాస్టార్లతో మాట్లాడటం తప్పించుకునేవాడు. వర్క్‌షాపులో మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి, ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. పిల్లలు అది గొప్ప విద్య అనుకునేవాళ్ళు. గొప్ప విద్యే, కాదనను. చెవులు చేయాల్సిన పని అరచెయ్యి చేస్తోందని మాత్రం వాళ్ళకు తెలియదు.

అందరూ ముఖాలకు మాస్కులు కట్టుకుని తిరిగిన రోజుల్లో కాక బాగా ఇబ్బంది పడ్డాడు. ఇనిస్టిట్యూట్ మళ్ళీ తెరిచాక ఎవరు ఏమన్నా తల ఊపేవాడు. ఒకరోజు ప్రిన్సిపాల్ ఆయనను ఏదో అడిగితే అవునని తల ఊపి, తర్వాత ఆ చెప్పిన పని చేయలేదని చీవాట్లు తిన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఎదురుపడితే నేను నా మాస్కు గడ్డం కిందికి లాగి మాట్లాడేదాన్ని. కాక ఒకసారి అన్నాడు, "అందరు మూతులు కట్టుకున్నరు బిడ్డా. నువ్వు ఒక్కదానివే నాకు ఇనవడుతున్నవ్." నాకు ఆ మాట చాలా నచ్చింది. నన్ను నేను మంచిదాన్ని అనుకోవడానికి అది చాలా రోజులు పనికొచ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళకు మగ్గాల కోర్సులో చేరే పిల్లలు తగ్గారు. ఒక వేసవిలో ప్రిన్సిపాల్ కాకనూ నన్నూ పిలిచి, వచ్చే జూన్ నుంచి కాక మరమ్మతు తరగతినీ నా వర్క్‌షాప్ సైన్సునూ ఒకటే చేస్తున్నామని చెప్పాడు. ఇద్దరికి చోటు లేదు. కళ్యాణ్ రోడ్డు అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సైన్సు టీచర్లకూ ఐటీఐ శిక్షకులకూ ఐదు రోజుల శిక్షణ జరగబోతోంది. అది నడిపే పుణెవాళ్ళు ఒకరిని మాస్టర్ ట్రైనర్‌గా సిఫారసు చేస్తారు. మా ఇద్దరిలో ఆ పేరు ఎవరికి వస్తే వాళ్ళు ఉంటారు, రెండోవాళ్ళ ఒప్పందం జూన్‌లో ఆగిపోతుంది. "నాకు ఇద్దరూ రెండు కళ్ళు" అని కూడా అన్నాడు. ఏ కన్ను పీకాలో తాను చెప్పకుండా పుణెవాళ్ళతో చెప్పించాలన్నది ఆయన తెలివి.

బయటికి వచ్చాక కాక నన్ను అడిగాడు, "ఏమన్నడు బిడ్డా? ఆఖరుకు అటు తిరిగి మాట్లాడిండు."

నేను మొత్తం చెప్పాను. ఆయన గోడకు ఆనుకున్నాడు. "మళ్ళ కార్ఖానకు పోవుడు నాతోని కాదు. చేతులు వణుకుతున్నయి. ఈడ నేర్పుడంటే నడుస్తది. ఆడ నడువది." తర్వాత నవ్వి, "నీకు వస్తె నీకు, నాకు వస్తె నాకు. మనలల్ల మనకేంది?" అన్నాడు. నేను కూడా నవ్వాను.

మొదటి రోజు కాగితపు ఉండల ఆటతో గడిచింది. రెండో రోజు పుణె ఆయన, అంటే ముఖ్య శిక్షకుడు, ధ్వని గురించి ఒక ప్రయోగం చేయించాడు. ఫోనులో ఒక యాప్ నుంచి సన్నని కూత వస్తుంది. అది అంతకంతకూ సన్నబడుతుంది. అందరూ చెయ్యెత్తాలి, వినపడటం ఆగగానే దించాలి. వయసు పెరిగినకొద్దీ చెవి ఎలా మొద్దుబారుతుందో చూపించడానికి. హాలులో నలభై చేతులు లేచాయి. కాక చెయ్యి లేవలేదు. ఆయన కళ్ళు నన్ను వెతికాయి. నేను పెదవులతో మాత్రం, గొంతు కలపకుండా, "నన్ను సూడు కాకా" అన్నాను. ఆయన నన్నే చూస్తూ చెయ్యెత్తి, నేను దించగానే దించాడు. ఆయన వయసుకు చాలా మంచి చెవులని పుణె ఆయన మెచ్చుకున్నాడు. కాక సాయంత్రం షేర్ ఆటోలో నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పటికి నా మనసులో ఏ చెడూ లేదు. ఈ విషయంలో నన్ను నమ్మాలి.

మూడో రోజు కాక వంతు. ఒక్కొక్కరు పదిహేను నిమిషాల పాఠం చెప్పాలి. మిగతావాళ్ళంతా ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు తెచ్చుకుంటే, కాక సంచిలోంచి ఒక పాత నాడె, ఒక తోలుముక్క, చెక్కబద్ద ఒకటి తీశాడు. నాడెను చెక్కబద్ద ఎందుకు కొడుతుందో, ఎంత గట్టిగా కొట్టాలో, అవతలి కొనకు చేరగానే తోలు దాన్ని ఎలా పట్టి ఆపాలో చూపించాడు. జడత్వం, ద్రవ్యవేగం, ఘర్షణ, ఈ మాటలేవీ వాడలేదు. అన్నీ చూపించాడు. బల్ల మీద మోటారు ఒకటి తిప్పించి, అందరినీ ఒక్కొక్కరుగా పిలిచి అరచెయ్యి ఆనించమన్నాడు. "మిషన్‌ను కాన్ సే నహీ, హాథ్ సే సున్‌నా" అన్నాడు, చెవితో కాదు చేత్తో వినాలని. హాలంతా లేచి నిలబడింది. పుణె ఆయన ఏదో గబగబా రాసుకోవడం చూశాను. ఆ రాతలో నా ఉద్యోగం పోయిందని అర్థమైంది.

అది భరించగలిగేదాన్నే. ఆ తర్వాత జరిగింది భరించలేకపోయాను. చప్పట్ల సంతోషంలో కాక నా వైపు చెయ్యి చూపించి, హిందీలో అందరికీ చెప్పాడు. ఈ పోరి మా కార్ఖానాలో కండెలు చుట్టేది, ముక్కు కారుతుంటే తువ్వాలుతో నేనే తుడిచేవాణ్ణి, ఘర్షణ అంటే ఏమిటో మొదట నేనే చెప్పాను, ఇప్పుడు చూడండి మేడమ్ అయింది. గర్వంగానే చెప్పాడు. హాలు నవ్వింది. ఠాణే నుంచి వచ్చిన ఇద్దరు లెక్చరర్లు ఒకరినొకరు చూసుకుని మరీ నవ్వారు. నేను రెండు రోజులుగా వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళలాగే మాట్లాడుతూ, మాది వస్త్రవ్యాపారం అన్నట్టు ఉండిపోయినదాన్ని. నాకు తల తీసేసినట్టయింది.

ఆటోలో, ఆయన నా ముఖం చూసేదాకా ఆగి అన్నాను. "అందరి ముందల గట్ల ఎందుకన్నవ్ కాకా?"

"ఎట్లన్న? తప్పన్ననా?"

"పోరి, కండెలు, ముక్కు. గవన్ని ఆడ చెప్పాల్నా? నేను మేడమ్‌ను ఆడ."

ఆయన ముఖం చిన్నబోయింది. "గలత్ అయింది బిడ్డా. ఇగ అనను. మేడమ్ అనే అంట" అన్నాడు. అప్పుడే వదిలేసి ఉండాల్సింది. నాకు కడుపు మండుతూనే ఉంది. ఆ మంట చల్లారనివ్వడం నాకు ఇష్టం లేదు, అది చల్లారితే చేయబోయేది చేయలేనని తెలుసు.

నాలుగో రోజు నా పాఠం. నేను కాంతి గురించి స్లైడ్లు సిద్ధం చేసుకున్నాను. అవి పక్కనపెట్టి, ధ్వని తీసుకుంటానని ఉదయమే పుణె ఆయనకు చెప్పాను. మన ఊరి సందర్భంలోంచి పాఠం పుట్టాలని ఆయన మూడు రోజులుగా చెప్తూనే ఉన్నాడు కాబట్టి సంతోషించాడు. ఒక సహాయకుడు కావాలని, కాకను ముందుకు పిలిచాను. ఆయన చొక్కా సర్దుకుంటూ వచ్చి, నేను చూపించిన చోట నిలబడ్డాడు. నిన్నటి తప్పు దిద్దుకునే అవకాశం దొరికిందన్నట్టు ఉంది ఆయన ముఖం. నేను పది అడుగులు వెనక్కి నడిచాను. మైకు ఆపేసి బల్ల మీద పెట్టాను. అందరూ నిశ్శబ్దంగా ఉండాలని చెప్పాను. తర్వాత ఆయన వైపు తిరిగి, గొంతు లేకుండా, పెదవులు మాత్రం కదిలించాను. "కిత్‌నే సాల్ లూమ్ చలాయా, కాకా?" ఎన్నేళ్ళు మగ్గం నడిపావని.

"తీస్ సాల్, మేడమ్" అన్నాడు కాక, గట్టిగా.

హాలులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందు వరుసలో ఒకాయన, ప్రశ్న వినపడలేదు మళ్ళీ అడగండి అన్నాడు. నేను మళ్ళీ పెదవులు కదిలించాను. ఈసారి భోజనం అయిందా అని. కాక నవ్వి, ఇంకా ఎక్కడ మేడమ్, గంట కొట్టనే లేదు కదా అని అందరికీ వినపడేలా జవాబు చెప్పాడు. పద్మనగర్ మనిషి తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చేయరు. ఎదుటి మనిషి నోట్లోంచి శబ్దం వచ్చిందా లేదా అన్నది మా వాళ్ళు పట్టించుకోరు. పెదవులు కదిలితే మాట వచ్చినట్టే.

అప్పుడు నేను బోర్డు వైపు తిరిగాను. చాక్‌పీసు తీసుకుని ఏదో గీస్తున్నట్టు నిలబడి, నా ముఖం కాకకు కనబడకుండా చూసుకుని, మరాఠీలో వివరించాను. మీరు విన్నారా? వినలేదు, ఎందుకంటే నేను గొంతు వాడలేదు. ఆయన విన్నారా? ఆయన కూడా వినలేదు. ఆయనకు ఆ తేడా తెలియదు, ఎందుకంటే ముప్పై ఏళ్ళ మగ్గాల చప్పుడు ఆయన లోపలి చెవిని తినేసింది. నిన్న చేత్తో వినాలని ఆయన చెప్పింది ఎందుకో ఇప్పుడు ఆలోచించండి. మొన్న కూత ఆగిందని ఆయనకు ఎలా తెలిసిందో కూడా చెప్తాను, ఆయన నా చేతిని చూశారు. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. ఆ మాటే అన్నాను, నమూనా అని.

చప్పట్లు మోగాయి. కాక మొదట నన్ను, తర్వాత హాలును చూశాడు. అందరూ తన వైపు చూసి చప్పట్లు కొడుతున్నారు కాబట్టి, తానూ రెండు చేతులూ జోడించి నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి నాకోసం చప్పట్లు కొట్టాడు.

ఉద్యోగం కోసం చేశానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉద్యోగమే కావాలంటే ప్రిన్సిపాల్ గదిలో తలుపు వేసుకుని ఒక్క మాట చెప్తే సరిపోయేది. వర్క్‌షాపులో పిల్లవాడు అరిస్తే ఈయనకు వినపడదు సార్ అంటే అయిపోయేది. నాకు హాలు కావాలి. నిన్న నవ్విన ఆ హాలే ఈరోజు ఆయనను చూడాలి. అది ద్రోహమని నాకు చేసేటప్పుడే తెలుసు. ఆ పదిహేను నిమిషాలూ నాకు హాయిగా ఉండింది.

భోజనాల దగ్గర మిగతాది జరిగింది. ఠాణే లెక్చరర్లలో ఒకాయన ప్లేటు పట్టుకుని కాక ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా ఏదో అడిగాడు. కాక జవాబు చెప్పాడు. చుట్టూ నవ్వారు. ఇంకొకాయన వచ్చి అడిగాడు, అతనికీ చెప్పాడు. మూడో మనిషి అర్థం లేకుండా పెదవులు ఊరికే ఆడించాడు. కాక ముందుకు వంగి, "ఫిర్ సే బోలో సర్, సమఝా నహీ" అన్నాడు, మళ్ళీ చెప్పమని. వాళ్ళు ప్లేట్లు ఒలికిపోయేలా నవ్వారు. అప్పుడు ఆయన నిటారుగా నిలబడి ఒక్కొక్కరి గొంతు వైపు చూశాడు. మాట్లాడే మనిషి గొంతు ముడి కదులుతుంది. వాళ్ళది కదలలేదు. ఆయనకు అర్థమైంది. తల తిప్పి నన్ను వెతికాడు, రెండు రోజుల కింద కూత ప్రయోగంలో వెతికినట్టే. నేను ప్లేటులోకి చూస్తూ పూరీ తుంచుకున్నాను.

సాయంత్రం ఆయన నా ఆటో ఎక్కలేదు. ఐదో రోజు రాడనుకున్నాను, వచ్చాడు. ఆఖరి వరుసలో తల దించుకుని కూర్చున్నాడు. ధ్రువపత్రాలు ఇచ్చేటప్పుడు ఆయన పేరు మూడుసార్లు పిలిచారు. తల దించుకున్న మనిషికి వేదిక మీది పెదవులు ఎలా కనబడతాయి? పక్కనాయన మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచాడు. మళ్ళీ నవ్వు. కాగితం తీసుకుని, మెడలోని అట్టముక్క తీసి మడిచి జేబులో పెట్టుకుని, భోజనానికి ఆగకుండా పోయాడు.

వాళ్ళ నివేదికలో కాక గురించి ఒక్క చెడ్డమాట లేదు. చేతిపని అద్భుతం, వైద్య పరీక్ష చేయించడం మంచిది, అని రాశారు. నా పేరు కింద మాస్టర్ ట్రైనర్ అని రాశారు. ప్రిన్సిపాల్ వైద్య పరీక్ష దాకా కూడా పోలేదు. జూన్‌లో కాక ఒప్పందం ఆగిపోయింది. ఆయన బల్ల సొరుగులో ఒక నాడె, రెండు రెంచీలు, నేను చేరిన కొత్తలో పెట్టిన ఒక స్వీటు డబ్బా మూత ఉన్నాయి. ప్యూను అవన్నీ సంచిలో వేసి పంపాడు.

నేను మాత్రం బాగా ఎదిగాను. నాశిక్, పాల్ఘర్, కళ్యాణ్, ఎక్కడ తరగతులు పెట్టినా పిలుస్తారు. నా ధ్వని పాఠం అందరికీ నచ్చుతుంది. గొంతు లేకుండా మాట్లాడి చూపిస్తాను, మగ్గాల కాక కథ చెప్తాను, టీచర్లు నోట్సు రాసుకుంటారు. కథలో నేను ఆయనకు సాయం చేసే కూతురి లాంటిదాన్ని. ఈ చలికాలంలో పుణె ఆయన ఫోను చేసి, పెద్ద సదస్సు ఒకటి ఉందని, ఆ కాకనే తీసుకొస్తే ప్రత్యక్షంగా చూపించవచ్చు కదా అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తెస్తానన్నాను. ఆహ్వానపత్రం కూడా పంపించాడు. ఫోను పెట్టేశాక, ఎలాగూ కాక దగ్గరికి పోతున్నాను కదా, ముందు క్షమాపణ అడిగేసి తర్వాత ఇది చెప్తానని అనుకున్నాను. ఏది ముందో ఏది తర్వాతో కూడా లెక్క వేసుకున్నాను.

కాక ఇప్పుడు భివండిలోనే శాంతి నగర్‌లో ఒక కార్ఖానాలో ఉన్నాడని తెలిసింది. ఒక మధ్యాహ్నం పోయాను. జాబర్ పనికి చేతులు పనికిరావని, ఆయనను కండెలు చుట్టడానికి పెట్టుకున్నారు. తలుపు దగ్గర, సాంచెలకు వీపు పెట్టి, చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. వెనక ఇరవై సాంచెలు ఆడుతున్నాయి. నేను ఆయన ఎదురుగా నిలబడ్డాను. నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతోంది. ఆయన ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. కళ్ళు మళ్ళీ దారం మీదికి దించాడు.

"కాకా" అన్నాను. తల ఎత్తలేదు. అప్పుడు నాకు తట్టింది, ఆయన చూడకపోతే నేను చెప్పేది ఆయనకు చేరే దారి ఇంకేదీ లేదు. భుజం తట్టాను. ఆయన నా చేతిని మెల్లగా తీసి పక్కకు పెట్టాడు, కండె మీద పడ్డ దూదిపింజ తీసినట్టు. నేను వంగి ఆయన ముఖం కిందికి నా ముఖం తెచ్చాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చేతులు మాత్రం ఆగలేదు, కండె నిండగానే తీసి ఇంకొకటి పెట్టాయి. ఆ పనికి ఆయనకు కళ్ళు అక్కర్లేదు.

నేను లేచి నిలబడి, చిన్నప్పటి అలవాటు కొద్దీ, పెదవులు సాగదీసి ఒక్కొక్క మాటా చెప్పాను. ఎప్పుడైనా కళ్ళు తెరుస్తాడని. "కాకా, తప్పు నాదే. తెలిసే చేసిన. నీకు ఇనవడదని అందరికి చూపియ్యాల్నని చేసిన. నీ నౌకరీ నేనే తీసిన. నిన్ను నమూనా అన్న. అందరు నవ్వుతుంటె సూసుకుంట తిన్న." ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆహ్వానపత్రం సంచిలోనే ఉండిపోయింది. ఆయన కళ్ళు తెరవలేదు.

ఎప్పటికో తలెత్తి చూశాను. కాక వెనక, వరుసగా సాంచెల దగ్గర, ఆడవాళ్ళూ మగవాళ్ళూ తెగిన దారాలు కూడా ముడివేయకుండా నిలబడి నా నోటి వైపే చూస్తున్నారు. అందరూ మావాళ్ళే. కార్ఖానాలో పెదవులతో చెప్పిన మాట రహస్యం కాదని, మైకులో చెప్పినదానితో సమానమని, అక్కడే పుట్టిన నేను మరిచిపోయాను.

మూడో సాంచె దగ్గర మా అమ్మ వయసున్న ఒకామె నా కళ్ళలోకి చూసి, పెదవులు కదిలించింది. "మాకందరికి ఇనవడ్డది. ఆయనకు తప్ప. ఇగ పో."